మా యారాలు పిండిన ఆకురసం

మా యారాలు పోయిందని మొన్న మంగళవారం పొద్దున కబురు వచ్చింది. హుజూరాబాదు నుంచి మొదటి బస్సు దిగి వచ్చిన మనిషి గడప బయటే నిలబడి, "మీ పెద్దామె కోడి గూసే యాళ్లకు పోయిందమ్మా, జెల్ది బయలెల్లుండ్రి" అన్నాడు. నేను నమ్మలేదు. నిన్నెవరు పంపారు, మా బావ ఒంటి మీద ఏ అంగీ ఉంది, ఆమె మంచం ఏ అర్రలో వేసి ఉంది అని నిలదీశాను. పాపం ఆ మనిషి అన్నింటికీ జవాబు చెప్పి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. అప్పుడు కూలబడ్డాను.

చదివేవారికి ముందే చెబుతున్నాను, నాకు అనుమానం జాస్తి. పాలు పోయించుకుంటే గోరు మీద చుక్క వేసి చూడనిదే లోపలికి తీసుకుపోను. అనుమానం పెనుభూతం అంటారు గదా, ఆ భూతాన్ని నేను పుట్టింటి నుంచి సారెతో పాటు తెచ్చుకున్నాను. మా యారాలు ఆ భూతానికి రోజూ పొద్దున ఒక గిలాసెడు ఆకురసం తాపింది. ఆమె సంగతి రాయాలంటే నా సిగ్గుమాలిన సంగతి కూడా రాయక తప్పదు.

తోడికోడలిని మా వైపు యారాలు అంటాం. నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళింది హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ అయ్యే ఏడాది. హుజూరాబాదుకు నాలుగు కోసుల దూరంలో ఊరు. కొంత మాగాణి తరి, కొంత మెట్ట చెలక. అత్తగారు నేను వెళ్ళకముందే పోయింది. ఇంట్లో ఆడవాళ్ళం ఇద్దరమే, ఆమె, నేను. ఆమె నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. పిల్లలు లేరు. పుట్టిల్లు ఆదిలాబాదు జిల్లా బోథ్ దగ్గర. మా ఊళ్ళో ఆదిలాబాదు మనిషి అంటేనే ఆడవాళ్ళు మొహాలు చూసుకునేవారు. అడవి దేశం, ఆకులూ అలములూ తెలిసినవాళ్ళు, జర పైలం, అంటే జాగ్రత్త, అనేవారు. ఆ మాట అన్నవాళ్ళలో ఒక్కరు కూడా బోథ్ చూసినవారు కారు. నేనూ చూడలేదు. అయినా నమ్మాను.

ఆమె మాటలో మరాఠీ కలిసేది. ఆకుకూరను భాజీ అనేది. నన్ను "బాయీ" అని పిలిచేది. మా వైపు బాయి అంటే నీళ్ళ బావి. వారం రోజులు ఓర్చుకొని, "మీ వదినె నన్ను బాయి అంటది, అండ్ల దుంకుమనా?" అని మా ఆయనను అడిగాను. ఆయన పడీ పడీ నవ్వి, "ఆడ ఆడోళ్లను ఇజ్జతుగ గట్లనే పిలుస్తరే" అన్నాడు. నాకు ఆ ఇజ్జతు మీద కూడా అనుమానమే.

మా బావ, అంటే ఆమె భర్త, నాతో ముఖాముఖి మాట్లాడేవాడు కాదు. మా ఇండ్లల్లో పద్ధతి అది, తమ్ముని భార్యతో పెద్దవాడు మాట కలపడు. నాకు చెప్పాల్సిందేదైనా ఉంటే గోడకు చెప్పేవాడు, గోడ లేకపోతే ఎడ్లకు చెప్పేవాడు. "దర్వాజ ఏసుకుంటే మంచిగుండు" అని ఆయన ఎద్దుతో అంటే, నేను వెళ్ళి దర్వాజ వేసేదాన్ని.

ఇక ఆ రసం. పొద్దున్నే ఆమె పెరట్లోకి వెళ్ళి గుప్పెడు పాలకూర, నాలుగు రెమ్మల మునగాకు, కాస్త కొత్తిమీర కోసుకొచ్చేది. రెండు మూడు నీళ్ళల్లో కడిగేది. ఆనిగెపుకాయ, అదే సొరకాయ, ఒక చెక్క కోసి ముందు తాను నాలుక మీద పెట్టుకొని చూసేది. ఒక్కోసారి తుపుక్కున ఉమ్మేసి కాయను కాయగా పెంటకుప్పలో పారేసేది. తర్వాత అన్నీ రోట్లో వేసి, చిన్న అల్లం ముక్కతో మెత్తగా నూరి, పాత ధోవతి గుడ్డలో వేసి పిండేది. నిమ్మకాయ, ఇంత ఉప్పు. అది తాగిన తర్వాతే సద్ది, జొన్న గటక, ఏదైనా. తాగాక పై పెదవి మీద పచ్చటి గీత ఒకటి మిగిలేది. మా బావ రోజూ దాన్ని చూసి రోజూ ఒకే మాట అనేవాడు.

"మూతి తుడుసుకోయే. పచ్చగడ్డి మేసిన బర్రె లెక్కున్నవ్."

"బర్రె పాలన్న ఇస్తది, నువ్వేమిస్తవ్?" అనేది ఆమె. తుడుచుకునేది మాత్రం కాదు.

ఆమె తాగితే నాకేం బాధ? కానీ నేను నెల తప్పిన సంగతి తెలిసిన మర్నాటి నుంచి రెండు గిలాసలు మొదలయ్యాయి. ఒకటి ఆమెకు, ఒకటి నాకు. నాకు అప్పటికే లేస్తే కళ్ళు తిరిగేవి, గోళ్ళు తెల్లగా పాలిపోయి ఉండేవి. ఆమె నా కింది రెప్ప వేలితో లాగి చూసి, నాలుక చప్పరించి, "తాగు బాయీ, నక్కో అనకు, వద్దనకు" అంది. పచ్చిగా, గరుకుగా, మేకల వాసన. అంతకంటే పెద్ద సంగతి, ఆమె తన గిలాస వంటింట్లోనే తాగేసి, నాది విడిగా పట్టుకొచ్చేది. ఎందుకు విడిగా? ఆనిగెపుకాయ ఉమ్మి పారేయడమేమిటి? కాయకు ఏం మంత్రం వేసింది? నా కడుపులో బిడ్డ, ఆమె కడుపు ఖాళీ. నా బుర్రలో ఈ రెండు మాటలూ పక్కపక్కన కూర్చున్నాయి, ఇక లేవలేదు.

మొహమాటానికి గిలాస అందుకొని, ఆమె అటు తిరగ్గానే జాలారులో పారబోసేదాన్ని. జాలారంటే తెలుసుగా, ఇంటి వెనక బోళ్ళు తోముకునే బండల చోటు. పైన రెండు చెంబుల నీళ్ళు కొట్టేదాన్ని. అలా రెండు నెలలు. ఒక రోజు నీళ్ళు కొట్టడం మరిచిపోయాను. బండ మీద పచ్చటి మరక. ఆమె గిన్నెలతో వచ్చి, మరక వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. పీచుతో బండ రుద్దింది. తిడితే బాగుండేది. తిట్టలేదు కాబట్టి నా అనుమానం ఇంకా బలిసింది.

అప్పుడే ఆమె నోటి వెంట ఆ మాట వచ్చింది. నేను తాగనని మొండికేస్తే, గిలాస నా ముందు పెట్టి, "పారబొయ్యకు బాయీ, గిది నీకు మందు" అంది.

మందు! మా వైపు ఆ మాటకు ఎన్ని అర్థాలో. దవాఖానలో సీసాలో పోసిచ్చేదీ మందే, కల్లు దుకాణం పక్కన దొరికేదీ మందే, పగవాళ్ళు అన్నంలో కలిపి పెట్టేదీ మందే. ఫలానా మనిషి చిక్కిపోతున్నాడు, వాంతులు చేసుకుంటున్నాడు అంటే, "ఎవలో మందు వెట్టిండ్రు" అని తేల్చేస్తారు. దాన్ని కక్కించి తీసేవాళ్ళు వేరే ఉంటారు. ఆమె మొదటి అర్థంలో అంది. నేను చివరి అర్థంలో విన్నాను.

మా అవ్వకు, అంటే మా అమ్మకు, కబురు పంపాను. మా అవ్వ అనుమానం ముందు నాది ఏపాటి! వచ్చీ రాగానే నా మొహం చూసి గుండెలు బాదుకుంది. "గొడ్రాలి చేతి నీళ్లు తాగుతున్నవా బిడ్డా? ఐదో నెలల గిట్ల పీలగైతరా ఎవలన్న?" అంది. తాగలేదని, పారబోశానని చెప్పాను. "ఒక్క గుటకన్న మింగినవా లేదా?" అంది. మొదటి రోజు ఒక్క గుటక మింగాను మరి. "గంతే చాలు" అంది.

వేములవాడ రాజన్న గుడిలో కోడెదూడను కట్టే మొక్కు ఉందని అందరికీ చెప్పి, అవ్వా నేనూ బయలుదేరాం. మా యారాలు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నాక్కూడ మొక్కున్నది, నేనొస్త" అంది. కాదనడానికి లేదు. ముగ్గురం బస్సెక్కాం. కోడె కట్టాం, దండం పెట్టుకున్నాం. తర్వాత మా అవ్వ, "గీడ దగ్గర్నే మా సుట్టాలున్నరు, జర కలిసొస్తం. నువ్వు సత్రంల సామాన్లు సూసుకుంట కూసో" అని ఆమెకు చెప్పి నన్ను లాక్కుపోయింది.

కోసెడు దూరంలో ఒక పల్లె. పందిరి కింద మందు తీసేవాడు కూర్చున్నాడు. నుదుట ఇంత పసుపు, ముందు మట్టి ముంత, పక్కన తడి గుడ్డ. మా అవ్వ తెచ్చిన కోడిగుడ్డు, నిమ్మకాయ అందుకొని, నా కళ్ళు చూసి, కడుపు మీద గుడ్డు తిప్పి, "ఉన్నది, మందున్నది" అన్నాడు. "పెట్టినోళ్లు మీ ఇంటోళ్లే. మనసుల ఎవలున్నరో నోరిప్పి జెప్పాలె, లేకుంటే బయటికి రాదు."

నేను చెప్పాను. "మా యారాలు" అన్నాను. పేరు కూడా చెప్పాను.

అతడు ముంతలోంచి చిప్పలోకి వంపాడు. చిక్కటి పచ్చటి పసరు. ఇప్పుడు తలచుకుంటే నా తల నేనే గోడకు కొట్టుకోవాలనిపిస్తుంది. ఇంట్లో నా కళ్ళ ముందు కడిగి, నూరి, పిండిన ఆకురసం విషమని రెండు నెలలు బండల పాలు చేసినదాన్ని, ముక్కూ మొహం తెలియనివాడి పసరు, అందులో ఏ ఆకుందో కూడా అడగకుండా తాగబోయాను. అదీ ఐదో నెల కడుపుతో. కడుపులో ఉన్నదంతా కక్కాలట. అంతా అంటే ఏమేమిటో నేను ఆలోచించనే లేదు.

చిప్ప నోటి దాకా వచ్చింది. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని పట్టుకుంది.

"నాకు బొయ్యి ముందుగాల" అంది మా యారాలు.

ఆమె ఎలా వచ్చిందో తర్వాత తెలిసింది. అనుమానం నా ఒక్కదాని సొత్తు కాదు గదా. చుట్టాలింటికి పోతామన్న మా అవ్వ చేతిలో ఒక పండు లేదు, పుట్నాల పొట్లం లేదు. కొంగున గుడ్డూ నిమ్మకాయా కట్టుకొని పోతోంది. "సుట్టాలింటికి ఒట్టి చేతులతోని ఎవలు పోతరు?" అనుకొని, సామాన్లు సత్రం వాళ్ళకు అప్పజెప్పి మా వెనకే నడిచింది. పందిరి గుంజ దగ్గర నిలబడి అంతా విన్నది. నా నోట తన పేరు కూడా విన్నది.

"నేనే వెట్టిన అంటున్నరు గద. దీనికిచ్చినదే నేనూ తాగిన. నా కడుపుల గూడ ఉంటది. తియ్యి" అంది. చిప్ప ఎత్తి గటగటా తాగేసింది. నాలుగడుగులు పక్కకు పోయి కక్కింది. పొద్దున సత్రంలో తాగిన ఆకురసమే వచ్చింది, పచ్చటి నీళ్ళు. అవును, ఆ ప్రయాణంలో కూడా మూటలో పాలకూర కట్ట, చిన్న కల్వం తెచ్చుకుంది మహాతల్లి. అతడు తడి గుడ్డ అక్కడ పరిచి, చెయ్యి పెట్టి, కుంకుడు గింజంత నల్లటి ముద్ద ఒకటి తీసి ఎత్తి చూపించాడు.

"గిదిగో మందు! ఏండ్ల నాటిది. గిందుకే నీకు పిల్లలు గాలే."

"ఎవలు వెట్టిండ్రు?" అంది ఆమె, మూతి తుడుచుకోకుండానే.

"మీ ఇంటి ఆడిదే."

"మా ఇంట్ల ఆడోళ్లం ఇద్దరమే. నేనొకదాన్ని, గిదొకతి. దీనికి నేను వెట్టిన అంటివి. మరి నాకు గిది వెట్టిందా? ఏండ్ల నాటిదైతే గప్పుడు గిది మా ఇంటికే రాలే, పుట్టింట్ల గుజ్జనగూళ్లాడుకుంటుండె!"

అతడు తడబడి, "వెట్టచ్చు, దూరం నుంచి గూడ వెట్టచ్చు" అన్నాడు.

అంతే, మా అవ్వ లేచింది. అప్పటి దాకా అతడి ప్రతి మాటకూ తల ఊపిన మా అవ్వ! "ఏమంటివిరా? నా బిడ్డ మందు వెడ్తదా? నీ నోట్ల మన్నువడ! నా బిడ్డ బంగారం రా!" అంటూ గుడ్డు తీసి నేలకేసి కొట్టింది. మా యారాలి మీద చెబితే వేదవాక్కు, తన కూతురి మీద చెబితే దొంగమాట. నిమ్మకాయ కూడా వెనక్కి లాక్కుని, "నడువుండ్రి ఇద్దరు" అని మా ఇద్దరినీ రెక్కలు పట్టుకొని బయటికి తెచ్చింది.

తిరుగు బస్సులో మా అవ్వ కిటికీ దగ్గర నిద్రపోయింది. నేను మా యారాలి మొహం చూడలేక ముందు సీటు కడ్డీ చూస్తూ కూర్చున్నాను. ఆమే అంది.

"పారబోస్తే పారబొయ్యి బాయీ. పేరు వెట్టకు."

నేను ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరింది గానీ ఏడవొద్దనలేదు. తర్వాత ఆ కొన్ని కోసుల్లో, ఎవరికీ చెప్పనిది చెప్పింది. ఆమె గొడ్రాలు కాదు. రెండుసార్లు కడుపు నిలిచి, జారిపోయింది. రెండోసారి బొగ్గుబాయి, అదే బొగ్గు గని, దగ్గర కంపెనీ ఇండ్లలో ఉన్న తమ్ముడింట్లో ఉండగా. అక్కడి దవాఖానలో డాక్టరమ్మ కింది రెప్ప లాగి చూసి, "ఒంట్ల రక్తం లేదు, ఆకుకూర లేకుండ ముద్ద తినకు" అని కోప్పడిందట. ఈమెకు తింటే కడుపులో ఇమడలేదు. పక్క మంచం దగ్గరి నర్సమ్మ, "తినలేకుంటే నూరి పిండుకొని తాగు, మంచిగ కడుగు, ఆనిగెపుకాయ చేదుంటే ముట్టకు, అది విషం" అని చెప్పిందట. "నాకు జెప్పెటాళ్లకు ఆలస్యమైంది" అంది. "నీకన్న యాళ్లకు జెప్తామనుకున్న. సరిగ జెప్పరాలే. మందంటే నువ్వు గట్లనుకుంటవని నాకేం దెలుసు?"

మర్నాడు పొద్దున రెండు గిలాసలు రాలేదు. ఒకటే గిలాస వచ్చింది. నా ఎదురుగా నిలబడి, నా కళ్ళల్లోకి చూస్తూ, పెదవి ఆనించి ఒక గుక్క తాను తాగి, మిగిలింది నాకిచ్చింది. ఎంగిలి. మా పుట్టింట్లో తోబుట్టువు ఎంగిలి కూడా ముట్టనిదాన్ని. గుటగుటా తాగేశాను. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అదే పద్ధతి, ముందు ఆమె, తర్వాత నేను. ఒకసారి, "ఇగ చాలక్కా, నమ్మినగద" అంటే, "నీ నమ్మకం నాకెర్కే. రెండు నెలలు జాలారుకు తాపితివి. జాలారు మంచిగ బలిసింది" అని నవ్వింది. ఆ ఎకసక్కెం చచ్చేదాకా మానలేదు. కానీ పందిరి కింద తన పేరు చెప్పిన సంగతి మాత్రం ఒక్కనాడు, ఒక్కరి దగ్గర ఎత్తలేదు.

నెలలు నిండాక కరీంనగరం దవాఖానలో నాకు ఆడబిడ్డ పుట్టింది. ఆ ఆకురసం వల్లే పుట్టిందని నేను అనను. అంటే ఆమే ఒప్పుకోదు. డాక్టరు గోలీలున్నాయి, సూదులున్నాయి, ఆమె నాకు దొంగతనంగా పెట్టిన నువ్వుల లడ్డూలున్నాయి. ఏది ఎంత పని చేసిందో ఎవరు చెప్పగలరు? "గటకకు తోడు గిదొకటి, గంతే" అనేది ఆమె. నాకు తెలిసింది ఒక్కటే. ఆ రోజు ఆ చిప్ప నా నోట్లో పడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి పన్నెండేళ్ళ తర్వాత కూడా నాకు ధైర్యం లేదు.

నాలుగేళ్ళ కింద మా ఆయన కొలువు కోసం మేం కరీంనగరం వచ్చేశాం. సెలవులకు నా బిడ్డ పెద్దవ్వ దగ్గరికి పరుగెత్తేది. బావ గోడను, ఎడ్లను వదిలిపెట్టి నాకు చెప్పేవన్నీ దానికే చెప్పేవాడు. ఈ చలికాలం ఆమెకు జ్వరం వచ్చి రొమ్ముకు దిగింది. నాలుగు రోజులు. అంతే. చావింట్లో ఒకావిడ, "ఆకుల రసం తాగి తాగి ఏం బతికింది తీ, యాభై గూడ దాటకపాయె" అంది. కోపంతో నా ఒళ్ళు మండింది. ఆమె ఎక్కువ బతకడానికి తాగలేదమ్మా, నేను తాగాలని తాగింది అని చెప్పబోయాను. చెప్పకుండానే లేచి పెరట్లోకి నడిచాను.

మూడో నాడు చెలక గట్టున పిట్టకు పెట్టాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతారు. అన్నం, గారెలు, పప్పు పెట్టారు. నేను పొద్దున్నే ఆమె పెరట్లో నా బిడ్డతో పాలకూర కోయించాను. ఆనిగెపుకాయ చెక్క కోసి నాలుక మీద పెట్టుకొని చూశాను. ఆమె రోట్లోనే నూరి, ఆమె గుడ్డలోనే పిండి, ఆమె ఇత్తడి గిలాసలో పోసి తెచ్చాను. ముసలివాళ్ళు మెడలు చాచారు. "ఏందే గది? ఏం పసరు?" అని ఒకామె అనుమానంగా అడిగింది. నేను గిలాస ఎత్తి ఒక గుక్క తాగి, మిగిలింది ఆకు పక్కన పెట్టాను.

"ఓర్నాయినో! సచ్చినోళ్లకు ఎంగిలి వెడ్తరా? బుద్ధున్నదా నీకు?"

"ముందుగాల నేను తాగకుంటే ఆమెకు నమ్మకమెట్లయితది? గీ పద్ధతి ఆమె వెట్టిందే" అన్నాను.

వెనక్కి వచ్చి నిలబడ్డాను. కాకి ఒకటి వచ్చి గట్టు మీద వాలింది. ఈ మూడు రోజులూ మా బావ కంట తడి పెట్టలేదు. తల ఎత్తి నా వైపు చూశాడు, నా పై పెదవి చూసి వెంటనే కళ్ళు నేలకు దించేశాడు. పక్కన నిలబడ్డ నా బిడ్డ భుజం మీద చెయ్యి వేసి దానికే చెప్పాడు.

"పిల్లా, మీ అవ్వను మూతి తుడుసుకోమను."

కొంగు అందుకున్నాను గానీ తుడుచుకోలేదు. కాకి మెడ ఒక పక్కకు వంచి, మళ్ళీ రెండో పక్కకు వంచి, ఆ గిలాస వైపు చూస్తూనే ఉంది.